మళ్లీ ముసలి వేషమేనా అన్నావు కదా

బుజ్జీ,

రాత్రి సగం మాట్లాడి ఫోన్ పెట్టేశావు, అందుకే రాస్తున్నా. నాటకం బాగుందని అందరూ అన్నా పేపర్లో నీ గురించి పడింది ఒక్క ముక్క, ముసలమ్మ పాత్రలో సహజంగా నటించిందని. ఇరవై మూడేళ్ల పిల్లకి వరసగా మూడోసారి ముసలి వేషం, ఆ మెచ్చుకోలు చూస్తే ఎవరికైనా కొట్టే రబ్బరు స్టాంపులా ఉంది. నీ బాధ అర్థమైంది. కానీ ముసలి వేషాల్లో వెరైటీ ఏముంటుందమ్మా అన్నావు చూడు, అది మాత్రం నేను ఒప్పుకోను.

నిర్మలమ్మ గారినే తీసుకో. బందరు ఆవిడ, నాటకాల్లోంచి వచ్చారు, 1943లో గరుడ గర్వభంగంతో సినిమాల్లోకి అడుగుపెట్టినా జనానికి గుర్తుండిపోయింది అమ్మగా, బామ్మగానే. ఎప్పుడు చూసినా అదే ముడి, అదే నేత చీర. అయినా సరే, పదహారేళ్ళ వయసు (1978)లో గంగమ్మనీ, స్వాతిముత్యం (1986)లో శివయ్య నాయనమ్మనీ ఒకేరోజు చూడు. ఇద్దరిదీ ఒకటే భయం, నేను పోతే ఈ బిడ్డకి దిక్కెవరని. గంగమ్మకి ఆ భయం నోట్లోంచి వస్తుంది, వీధిలో వాళ్లని కడిగేస్తుంది, ఎదిగిన ఆడపిల్లని ఒక్కతే కాపాడుకోవాలి మరి. నాయనమ్మకి అదే భయం కళ్లలోకి దిగింది, లోకం తెలియని మనవణ్ణి చూసే చూపులోనే ఉంటుంది, డైలాగు లేకపోయినా తెలిసిపోతుంది. 1991లో గ్యాంగ్ లీడర్‌కి వచ్చేసరికి ఆవిడే మళ్లీ మనవళ్లతో సరిసమానంగా జోకులేస్తారు. మయూరి సినిమాకి ఆవిడకి నంది అవార్డు కూడా వచ్చింది, సరే, అది పక్కన పెట్టు.

ఇంతమందిని చూపించిన మనిషిని కూడా మనం అచ్చం మా బామ్మలాగే ఉందండీ అనేసి ఊరుకున్నాం. ఎలా చేశారో ఎవరం అడగలేదు. నాకు తోచింది చెప్తా. ఆవిడ గొంతులో ముసలి వణుకు పెట్టరు. ప్రతి అక్షరం విడివిడిగా వినిపిస్తుంది, నాటకాల్లో చివరి వరసదాకా వినపడేలా మాట్లాడిన గొంతు కదా, అది సినిమాకొచ్చాక తగ్గింది తప్ప పలచబడలేదు.

ఇప్పుడు నీ సంగతి. కోప్పడకు. నువ్వు నడుం వంచి, గొంతు వణికించి మొదటి పది నిమిషాలూ ముసలితనాన్ని నటించావు, నాకు నచ్చలేదు. తర్వాత మనవడు ఫీజు డబ్బులడిగాడు కదా, అప్పుడు కొంగు ముడి విప్పబోయి ఆగి, వాడు చూడకుండా అటు తిరిగి విప్పి, రెండు నోట్లు తీసి, ఒకటి మళ్లీ ముడేసుకున్నావు. అక్కడ నడుం వంచడం మర్చిపోయావు తెలుసా? హాల్లో దగ్గు కూడా వినపడలేదు. నా పక్కనున్న పెద్దావిడ అయితే తన కొంగు పట్టి చూసుకుంది. పేపరాయన ఆ ముడి గురించి ఒక్క వాక్యం రాసుంటే నీకు ఇంత ఏడుపు ఉండేది కాదు.

మీ డైరెక్టర్ నాలుగో ముసలి వేషం ఇస్తే వద్దని చెప్పే హక్కు నీకుంది, చెప్పు. కానీ ఈ వారం మిగిలిన రెండు షోలూ ఆ వణుకు తీసేసి చేసి చూడు.

తలకి కొట్టిన పౌడరు పోయిందా? షాంపూకి లొంగదది. కుంకుడుకాయలు నాన్నతో పంపిస్తున్నా.

అమ్మ