అంబలక్కకి, ఇంకా కొంతమందికి కృతజ్ఞతలు

నిన్న అలిపిరి నుంచి నడిచి కొండెక్కాను. 3550 మెట్లు, మధ్యలో ఎక్కడా బస్సు మాట ఎత్తకుండా. ఈ రోజు మిషన్ పెడల్ మీద కాలు పెడితే పిక్కలు పట్టేస్తున్నాయి. అందుకే కుట్టుపని పక్కన పెట్టి ఇది రాస్తున్నాను. నొప్పి తగ్గితే మళ్లీ బ్లౌజుల్లో పడిపోతాను, చెప్పాల్సింది అట్లాగే ఉండిపోతుంది.

మూడేళ్ల కింద నా బరువు 84 కేజీలు, మూడు నెలల సగటు షుగర్ 7.2. పొద్దున కూర్చుంటే రాత్రి దాకా మిషన్ ముందు నుంచి లేవని బతుకు నాది. డాక్టర్ గారు రిపోర్టు చూసి "బరువు తగ్గాలమ్మా" అని బిళ్లలు రాశారు. ఎట్లా తగ్గాలని నోరు తెరిచేలోపే తర్వాతి పేషెంటు లోపలికొచ్చేశాడు. ఏం తినాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎట్లా మొదలుపెట్టాలి అని నిదానంగా చెప్పే మనిషి మాలాంటి వాళ్లకి దొరకడమే కష్టం. బిళ్లలు మాత్రం వీధికొక షాపులో దొరుకుతాయి.

ఇప్పుడు 67 కేజీలు, షుగర్ 6.1. చూసినవాళ్లంతా "ఏం పౌడర్ తాగినావు" అని అడుగుతున్నారు. పౌడర్ లేదు, పాడు లేదు. సంగటి ముద్ద సగం చేసి, గుడ్లు, ఉలవలు, అలసందలు పెంచాను. యూనివర్సిటీ గ్రౌండులో నడక, ఆ తర్వాత గ్యాలరీ మెట్టు మీద కూర్చుని లేవడం, నీళ్ల క్యాన్లు ఎత్తి దించడం. మొదటి ఆరు నెలలు హుషారుగానే పోయాయి. అసలు కష్టం ఆ తర్వాతే. ఒళ్లు తగ్గేకొద్దీ అది ఖర్చు పెట్టే శక్తి కూడా తగ్గుతుంది కాబట్టి, అదే తిండి, అదే నడకతో కాటా ముల్లు ఒకచోట ఆగిపోతుంది. నాది 74 దగ్గర ఆగి నెలల తరబడి కదల్లేదు. అప్పుడు ధైర్యం చెప్పింది నా మెడలో వేలాడే టేపే. కస్టమర్ల కొలతల నోటుబుక్కులో చివరి పేజీ నాది. బరువు అంతే ఉన్నా నడుము కొలత తగ్గుతా వచ్చింది. కండ పట్టి కొవ్వు కరిగితే అట్లాగే అవుతుంది. నా బ్లౌజుల పక్క కుట్లు నేనే లోపలికి పట్టుకున్నాను. (ఆడవాళ్ల నడుము 80 సెంటీమీటర్లు దాటకూడదంటారు. నేను ఇంకా రెండంగుళాలు దిగాలి, అది వేరే సంగతి.)

ఇంత చేసినదాన్ని మానేశాను. కుక్కల వల్ల. బైరాగిపట్టెడలో మా వీధి మలుపులో లైటు వెలగదు, తెల్లవారుజామున గుంపు గుంపుగా మీదికొస్తాయి. పక్కింటావిడని పిక్క మీద కరిచాయి, పాపం సూదుల కోసం తిరగలేక తిరిగింది. అర్జీ ఇస్తే లైటు ఒకరిది, కుక్కలు ఇంకొకరిదన్నారు. ఆపరేషన్ చేసి, టీకా వేసి మళ్లీ అదే వీధిలో వదలాలని 2023 నిబంధనలు ఉన్నాయట. మంచిదే, కాదనలేదు. ముందు ఆ ఆపరేషన్ చెయ్యాలి కదా స్వామీ! ఆడవాళ్లు ఆరోగ్యం చూసుకోవాలని గోడల మీద రాస్తారు, ఆ గోడ దాకా పోవడానికి వెలుతురుండదు.

నేను మానేసిన నెలకో ఏమో, సాయంత్రం పూట షాపు గుమ్మంలో ఒకామె నిలబడింది. గ్రౌండు గేటు దగ్గర తోపుడుబండి మీద అంబలి అమ్మే ఆమె. పేరు అప్పటికి నాకు తెలియదు, గ్లాసు అంబలి తాగి డబ్బులిచ్చి వచ్చేసేదాన్ని, అంతే పరిచయం. "బ్లౌజులు కుట్టే ఆమె ఇల్లు యాడ" అని వీధి వీధీ అడుగుతా వచ్చిందట. చేతిలో ఒక బ్లౌజు. "కొంచెం వదులు చెయ్యి పాపా" అనింది. టేపు పెట్టి చూస్తే ఆమె కొలతకి అది అతికినట్టు ఉంది. చంక దగ్గర కూడా బిగువు లేదు. ఆ మాటే అంటే, "అట్లనా, సరేలే" అని బ్లౌజు మడిచి సంచిలో పెట్టుకుని, "ఏం పాపా, యాడికి పోయినావు, కనపడనే లేదు?" అనింది.

కుక్కల సంగతి చెప్పాను. "నేను అయిదింటికి ఈ దోవనే బండి తోసుకుని పోతా ఉండా కదా, నా ఎనకాలే రా" అనింది.

మరుసటి రోజు నుంచి వచ్చింది. అంబలి కుండ, మజ్జిగ బిందె, తరిగిన ఉల్లిగడ్డల డబ్బా, బండి చట్రంలో దోపిన వెదురు కర్ర. వానైనా, చలైనా మా గుమ్మం ముందు ఆ కర్రతో రెండుసార్లు తట్టేది. బద్ధకంగా ఉన్న రోజు కూడా, నిండు కుండ పెట్టుకుని ఒక మనిషి బయట నిలబడి ఉంటే ఎట్లా పడుకుంటాం? నా క్రమశిక్షణ అని అందరూ మెచ్చుకునేది ఆ తట్టుడే.

పోయిన వారం ఆమెకి జ్వరం. అడిగి అడిగి ఇల్లు కనుక్కుని పోయాను. ఆమె ఇల్లు గ్రౌండు గోడ వెనకే ఉంది! గేటుకి నాలుగడుగులు. మా వీధికి రావాలంటే బండి తోసుకుని అంత దూరం వచ్చి, మళ్లీ నాతో వెనక్కి పోవాలి. ఇన్నాళ్లూ అదే చేసింది. ఎందుకు చెప్పలేదక్కా అంటే, "చెప్తే నువ్వు రానియ్యవు కదా" అనింది. నేను ఆమె గడప మీద కూర్చుని ఏడ్చేశాను. ఆమె మాత్రం "జొరం నాకా, నీకా?" అని తిట్టింది.

అక్కా, నీది బటన్ ఫోను, ఇది నువ్వు చదవవు. గ్రౌండుకి పోయేవాళ్లెవరైనా ఆమెకి చదివి వినిపించండి. ఊరికే వినిపించకుండా ఒక గ్లాసు అంబలి కూడా తాగండి.

మా ఆయన, పిల్లలు, అత్తమ్మ... వీళ్లకి థాంక్స్ చెబితే నవ్వుతారు. సరే, థాంక్స్.

అయ్యో, నిన్నటి వాళ్లని మర్చిపోయాను. మోకాళ్ల పర్వతం దగ్గర కాళ్లు మొరాయిస్తే ఉప్పేసిన నిమ్మకాయ నీళ్లిచ్చి, నా సంచి పైదాకా మోసిన చిత్తూరు కాలేజీ పిల్లలు. గాలిగోపురం దగ్గర నా చెప్పులు చూసి "వీటితో ఎక్కొద్దు" అని చెప్పిన పెద్దాయన. 2023లో చిరుత పాపని చంపినప్పటి నుంచి మావాళ్లకి ఆ దారంటే భయం, ఏడో మైలు తర్వాత మా వెంటే నడిచిన గార్డు తమ్ముడు. సంగటి ఎంత తినాలో ఫోనులోనే ఓపిగ్గా చెప్పిన మా చెల్లెలి స్నేహితురాలు, నర్సమ్మ. ఇంకా, నేను గ్రౌండులో ఉన్నంతసేపూ షాపు తెరిచి కాజాలు కుట్టిన అమ్మాయి.

శ్రావణ శుక్రవారానికి ఇస్తానని చెప్పిన బ్లౌజులు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. మీరంతా ఓర్చుకున్నందుకు కూడా థాంక్స్. గురువారం సాయంత్రం రండి, హుక్కులు మాత్రమే మిగిలాయి.