మా కొండ మందుల సంగతి రాసుకుపోయారు కదా, ఒకసారి మాకూ చదివి వినిపించండి

ఒడిశా అటవీ, పర్యావరణ శాఖ మంత్రిగారికి,

నమస్కారమండీ. నాది పర్లాకిమిడి. మా నాన్న పెట్టిన మూలికల కొట్టు ఇప్పుడు నేను నడుపుతున్నాను. కరక్కాయ, తానికాయ, నేలవేము, పిప్పళ్ళు, అలాంటివన్నీ ఉంటాయి, సరుకులో చాలా భాగం సంత రోజున కొండల మీద సవర తెగవాళ్ళ ఊళ్ళ నుంచే దిగుతుంది. ఇదే ఉత్తరం ఒడియాలో రాయించి మీ ఆఫీసుకి పోస్టు చేశాను. తెలుగులో ఎందుకంటే గజపతి జిల్లాలో ఉన్న మావాళ్ళూ, సరిహద్దు దాటితే పాతపట్నం వైపు ఉన్నవాళ్ళూ చదవాలని.

మా జిల్లాలో ఉన్న మహేంద్రగిరి కొండని 2022లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు, సంతోషం. ఇప్పుడు ఎక్కడ విన్నా పౌర విజ్ఞానం అంటున్నారు. ఊరి జనమే మొక్కల ఫోటోలు తీసి, ఏది ఎప్పుడు పూస్తుందో, దేనికి వాడతారో నమోదు చేస్తే శాస్త్రవేత్తలు దాని మీద పరిశోధన చేస్తారట. మంచి ఆలోచనే. మా దగ్గర అది ఎలా జరిగిందో మాత్రం వినండి.

కొన్నేళ్ళ క్రితం ఒక సంస్థ వాళ్ళు జీపులో వచ్చారు, పేరెందుకు లెండి. నాకు సవర మాటలు కాస్త వచ్చని నన్నూ వెంట తీసుకెళ్ళారు. ఒక ముసలమ్మ రెండు రోజులు మాతో కొండ ఎక్కి దిగింది, మేమంతా ఆయాసపడుతుంటే ఆవిడే ముందు నడిచింది. ముప్పై నలభై మొక్కలు చూపించింది. ఒక్కో మొక్కకి ఒక్కో ఫారం: పేరు, ఏ భాగం, ఏ జబ్బుకి. ఒక చోట ఆగి, "ఇది మా అమ్మ జ్వరానికి ఇచ్చేది, నేను ఇవ్వను, ఒకసారి ఒక పిల్లాడికి వాంతులు పట్టుకుని ఆగలేదు" అంది. నేను తెలుగు చేసి చెప్పాను. ఫారం నింపే కుర్రాడు కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు, ఆ మాట రాయడానికి అందులో గడి లేదు. "జ్వరం" అని రాసుకుని ముందుకు నడిచాడు.

నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం అది. ఆ రెండు రోజుల్లో ఆవిడ చెప్పినవాటిలో అన్నిటికంటే విలువైన మాట అదే, అదే పోయింది.

మా ఊళ్ళో మేష్టారుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు సవర భాష కోసం ఈ కొండలు తిరిగి, మలేరియా తెచ్చుకుని, క్వినైన్ మింగి మింగి చెవులు పోగొట్టుకున్నారు. క్వినైన్ కూడా చెట్టు బెరడులోంచి వచ్చిందే కదా! జ్వరం తగ్గిస్తుందని రాసుకుని చెవుడు తెస్తుందన్నది వదిలేస్తే అది ఏం రాసుకోవడం? ఈశ్వరి వేరు సంగతీ అంతే. పాము కాటుకి మందని తరతరాలుగా వాడారు. ఆ జాతి మొక్కల్లో ఉండే అరిస్టోలోకిక్ ఆమ్లం కిడ్నీల్ని పాడుచేస్తుందనీ, క్యాన్సర్ తెస్తుందనీ శాస్త్రవేత్తలు ఎప్పుడో తేల్చారు. ఆ కబురు వేరు తవ్వి తెచ్చేవాళ్ళ దాకా ఎవరు తెచ్చారండీ? నేనే ఆలస్యంగా చదివి తెలుసుకుని కొట్లోంచి తీసేశాను, అప్పటిదాకా అమ్మినవాణ్ణే.

పేర్ల గొడవ ఇంకొకటి. కరోనా అప్పుడు తిప్పతీగకి ఎంత గిరాకీ వచ్చిందో మీకూ తెలుసు, కనబడ్డ తీగల్లా మూట కట్టి తెచ్చేశారు. ఒకరోజు అదే ముసలమ్మ నా కొట్టు ముందు కూర్చుని ఒక మూట విప్పి, కాడ గోకి చూసి, "ఇది కాదు" అని పక్కకి తోసేసింది. కాడ నిండా బుడిపెలు. తర్వాత 2021లో ముంబై డాక్టర్లు తిప్పతీగ వాడినవాళ్ళకి లివర్ దెబ్బతిన్న కేసులు ప్రచురిస్తే, అది అసలు తిప్పతీగ కాకుండా దాని పోలికలో ఉండే వేరే జాతి అయివుండొచ్చని ఆయుష్ మంత్రిత్వ శాఖ అంది. ఎవరి మాట నెగ్గినా, మూటలో తేడా పట్టే మనిషి సంతలో కూర్చుని ఉంది, ఆవిణ్ణి ఎవరూ అడగలేదు.

2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం పంచాయతీకో జీవవైవిధ్య కమిటీ ఉండాలి, ఊళ్ళో ఏ మొక్కలు ఉన్నాయో, వాటిని దేనికి వాడతారో ప్రజలతో కలిసి రిజిస్టరు రాయాలి. పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి 31 గడువు పెట్టి, దాటితే ఒక్కో రాష్ట్రానికి నెలకి 10 లక్షలు జరిమానా అనేసరికి దేశమంతా ఉరుకులు పరుగుల మీద రాసేశారు. అలా రాసినవాటిలో ఎన్ని పల్లీసభలో, అంటే ఊరి జనమంతా కూర్చునే సభలో, చదివి వినిపించారో మీ అధికారుల్ని ఒక్కసారి అడగండి.

కేరళలో కాణీ తెగవాళ్ళు 1987లో తమతో అడవికి వచ్చిన శాస్త్రవేత్తలకి ఆరోగ్యపచ్చ అనే మొక్క కాయలు పెట్టారు, తింటే అలుపు తెలియదట. దాంతో జీవని అనే మందు తయారైంది, 1995లో ఒక కంపెనీకి 10 లక్షలకి లైసెన్సు ఇచ్చి అందులో సగం కాణీలకే అని రాసుకున్నారు. అందులోనూ మమ్మల్ని అడగలేదని కొందరు కాణీ వైద్యులు గొడవపడ్డారు, అయినా ఏదో ఒక లెక్క ఉంది. మాకు అదీ లేదు. పైగా గ్రంథాలకెక్కిన సంప్రదాయ జ్ఞానాన్ని దేశంలోవాళ్ళు వాడుకుంటే లాభంలో వాటా ఇవ్వక్కర్లేదని 2023లో ఆ జీవవైవిధ్య చట్టాన్నే సవరించారు. ఈ ముసలమ్మ నోట ఉన్నది రేపు మీ రిజిస్టరుకో ఫోన్ యాప్‌కో ఎక్కితే, అది గ్రంథం లెక్కలోకి వస్తుందా రాదా? దీనికి కాగితం మీద జవాబు కావాలి, నోటిమాట వద్దు.

నేనడిగేది పెద్ద ఖర్చయ్యేదేం కాదు. ఫారంలో "పని చేయలేదు, చెడు చేసింది" అని ఒక గడి పెట్టించండి. చెప్పినవాళ్ళ పేరు, వాళ్ళు ఒప్పుకుంటేనే, రాయించండి. రాసినదాన్ని మళ్ళీ అదే ఊరికి తెచ్చి సవరలో చదివి వినిపించండి. సవరకి సొంత లిపి ఉంది నిజమే, చదువు రాని ముసలివాళ్ళకి ఏ లిపి అయినా ఒకటే, అందుకే చదివి వినిపించమంటున్నాను. తప్పులుంటే వాళ్ళే అక్కడికక్కడ దిద్దుతారు, నాకైతే ఆ అనుమానం చాలానే ఉంది.

నాట్ల రోజుల్లో మాత్రం పెట్టకండి, ఒక్కరూ రారు. పంట ఇంటికి చేరాక, సంత లేని రోజు చూసి పెట్టండి. సవర మాట తెలిసిన మనిషి దొరక్కపోతే కొట్టు మూసుకుని నేనొస్తాను.

ఇట్లు,
పర్లాకిమిడి మూలికల కొట్టువాడు