బ్రిడ్జి పేకాట సంఘం, నెల్లూరు: వార్షిక నివేదిక

సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది ఆదివారం ఆటలు రొట్టెల పండగ వారం తప్ప ఎప్పుడూ ఆగలేదు. ఆ వారం దర్గామిట్ట దాటి రావడం ఎవరి తరమూ కాదు కనుక హాలు తెరవలేదు. వానల తేమకు ఉబ్బి, పంచేటప్పుడు అతుక్కుంటున్న పాత పేకలు తీసేసి ప్లాస్టిక్‌వి కొన్నాం. జమాఖర్చులు నోటీసు బోర్డులో ఉన్నాయి.

మిగతా నివేదికంతా ఒక్క విషయం మీదే. స్కోరు చీటీలు ముందేసుకుని చూస్తే మన జంటలు ఎక్కువగా దెబ్బతిన్నది ముక్కలు ఆడే దగ్గర కాదు. ఆటకు ముందు జరిగే వేలంలో పార్ట్‌నర్ ఓపెన్ చేశాక, అంటే మొదటి పాట పాడాక, అవతలివాళ్లు ఓవర్‌కాల్ వేసిన, అంటే దానిపై తమ పాట పాడిన దగ్గర. అవతలి పాట ఓడితే పడే శిక్షను పెంచడానికి పుట్టిన మాట డబుల్. అదే డబుల్ అంటే ఈ కుర్చీలో ఒక అర్థం, ఎదురు కుర్చీలో ఇంకో అర్థం. అందుకే తరగతుల్లో ఈ పాఠమే పట్టుకున్నాం. ఎవరు ఎవరితో కూర్చున్నా చెల్లేలా ఒప్పందం రాసుకున్నాం.

పార్ట్‌నర్ 1 డైమను (డైమను తురుపుగా 6 మీద 1, అంటే 7 ట్రిక్కులు గెలుస్తామని), అవతల 1 ఇస్పేటు. మీ చేతిలో ఇస్పేటు 7, 3. ఆఠీను రాజు, రాణి, 8, 4. డైమను జాకీ, 5. కళావరు రాజు, 9, 6, 4, 2. ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1 లెక్కన మొత్తం 9 పాయింట్లు. 2 ఆఠీన్లు అనాలని నోరు ఊరుతుంది. అనకూడదు. రెండో మెట్టులో కొత్త రంగు చెప్పాలంటే 5 ముక్కలు, 10 పాయింట్లు ఉండాలి. 4 ముక్కలతో అంటే, పార్ట్‌నర్ 5 ఉన్నాయనుకుని మూడింటితోనే పైకి లేపుతారు, 7 తురుపు ముక్కలతో మునుగుతాం. 2 కళావర్లకూ పాయింట్లు చాలవు, పైగా ఆఠీన్లు మరుగున పడతాయి. ఇక్కడ డబుల్ అనాలి. అంటే ‘ఆఠీన్లు 4 ఉన్నాయి, కనీసం 6 పాయింట్లు’ అని, శిక్షకు కాదు. 1957లో అమెరికా ఆటగాడు ఆల్విన్ రాత్ ప్రచారంలోకి తెచ్చిన ఈ డబుల్‌కు, ఆ ఏడే ఎగిరిన స్పుత్నిక్ ఉపగ్రహం పేరు పెట్టారు. ఓవర్‌కాల్ 1 ఆఠీను అయితే డబుల్ అంటే ఇస్పేట్లు సరిగ్గా 4, 1 ఇస్పేటు అంటే 5 లేదా ఎక్కువ. ఈ తేడా ఇంకా చాలామందికి పట్టుబడలేదు.

మరి అవతలివాళ్ల ఇస్పేట్లే మన చేతిలో ఆసు, రాణి, 10తో 5 ఉంటే? పాస్. డబుల్ అంటే పార్ట్‌నర్ ఆఠీన్లు పలుకుతారు. మన పాస్ తర్వాత అవతలివారూ పాస్ అంటే, ఇస్పేట్లు 2 లేదా తక్కువ ఉన్న ఓపెనర్ డబుల్‌తో మళ్లీ తెరవాలి. అప్పుడు మనం కదలకుండా పాస్. వల్నరబుల్‌గా, అంటే ఓడితే శిక్ష ఎక్కువ పడే స్థితిలో, ఉన్నవాళ్లు డబుల్ మీద 2 ట్రిక్కులు తగ్గితే మనకు 500. ఆ మొదటి పాస్‌కు నిమిషం ఆలోచించి నిట్టూరిస్తే మాత్రం పార్ట్‌నర్ చేతులు కట్టేసినట్టే. ఆ తడబాటును ఆసరా చేసుకుని డబుల్ అన్నారని అవతలివాళ్లు తీర్పు చెప్పే డైరెక్టర్‌ను పిలుస్తారు. పిలిచారు కూడా.

పార్ట్‌నర్ 1 ఆఠీను, అవతల 1 ఇస్పేటు అన్నప్పుడు మద్దతు సంగతి సులువే. 3 ముక్కలు, 6 నుంచి 9 పాయింట్లుంటే 2 ఆఠీన్లు. 10, ఆపైన ఉంటే వాళ్ల రంగే పలకాలి, అంటే 2 ఇస్పేట్లు. దాన్ని ఓపెనర్ పాస్ చేయరాదు. చేస్తే వాళ్ల తురుపులో మనం ఆడాలి! 4 ముక్కలుండి పాయింట్లు తక్కువైతే నేరుగా 3 ఆఠీన్లు. ఇది బలంతో కాదు, వేలంలో అవతలివాళ్ల దారి మూయడానికి.

1 నో ట్రంప్ (తురుపు లేని ఆట) ఓవర్‌కాల్ మీద 9 పాయింట్లతో డబుల్ మాత్రం శిక్షకే. పేకలో మొత్తం 40 పాయింట్లు. ఓపెనర్‌కు 12, మనకు 9 పోతే 19. ఓవర్‌కాల్ వేసినవారికి కనీసం 15 ఉంటాయి కనుక వారి పార్ట్‌నర్‌కు 4కు మించి మిగలవు.

వచ్చే ఏడాది తరగతులు మన ఓపెనింగు మీద వాళ్లు డబుల్ వేసినప్పటి సంగతితో మొదలవుతాయి. ఒప్పందం కాపీ ప్రతి టేబుల్ మీదా పెట్టాం. మార్పులు కావాలన్న జంటలు ఆట మొదలయ్యేలోపే అవతలివాళ్లకు చెప్పాలి.