బాపు సంచి దొరికింది, ముంబై హోటలోళ్లందరికీ శనార్తులు

అందరికీ నమస్తే. వరంగల్ వాపస్ వచ్చి పది రోజులైంది, రోజూ రాద్దామనుకునుడు, బడి పని మీద పడి వాయిదా వేసుడు, ఇయ్యాల రాయకపోతే ఇగ రాయనని కూసున్న. ముంబైల ఫోర్ట్ ఏరియాల ఒక చిన్న హోటల్ల పనిచేసేటోళ్లకు, ఒక టాక్సీ అన్నకు థ్యాంక్స్ చెప్పాలె. హోటల్ పేరు రాస్తలేను. మేనేజర్ మేడమే వద్దన్నది, మాకోసం వాళ్లు చేసినయాట్ల కొన్ని వాళ్ల రూల్స్‌ల లేనియి, రేపు ఎవరి మీదన్న మాటొస్తదని.

మా బాపు బొంబాయి మిల్లుల 11 ఏండ్లు పనిచేసిండు. మా పద్మశాలీల ఇండ్లల్ల ఇదేం కొత్త ముచ్చట కాదు, బొంబాయో భీవండో సూరతో పోయినోళ్లు ప్రతి ఇంట్ల ఉంటరు. 1982 జనవరి 18న సమ్మె మొదలైంది, కార్మిక నాయకుడు దత్తా సామంత్ పిలుపు మీద రెండున్నర లక్షల మంది దాకా పని బంద్ పెట్టిన్రు, బాపు గూడ అండ్లనే ఉన్నడు. నెలలు గడిచినా సమ్మె తెగకపాయె, ఇల్లు గడవకపాయె, ఇగ వాపస్ వచ్చి వరంగల్ కొత్తవాడల జంపఖానాల మగ్గం మీద కూసున్నడు. అప్పటిసంది బొంబాయి మొఖం చూడలే. అసొంటి మనిషి పోయిన దసరాకు ఉన్నట్టుండి “ఒక్కసారి వర్లీ చూసొస్తా బిడ్డా” అన్నడు, బొంబాయిల ఆయన ఉన్నది ఆడనే.

గంతే, మా మేనల్లుడు వాని కార్డు పాయింట్లన్నీ పెట్టి రెండు రాత్రులకు రూమ్ బుక్ చేసిండు. బుటీక్ హోటల్ అట. పెద్ద స్టార్ హోటళ్ల లెక్క వందల రూములుండయి, కొన్నే ఉంటయి, ఒక రూమ్ తీరు ఇంకో రూమ్ ఉండది, పాత బిల్డింగును దాని అందం చెడకుండ బాగుచేసి నడుపుతరు. మెట్ల పక్కన జాలి తలుపు లాగి మూసే పాత లిఫ్ట్ గూడ ఉన్నది, బాపు దాన్ని చూసి “మిల్లు గోదాంల గిట్లాంటిదే ఉండె” అన్నడు. అయితే ఈ మాట పొద్దెక్కినంక అన్నది, దానికంటె ముందు జరిగింది చెప్పాలె.

పొద్దున వరంగల్ల కోణార్క్ రైలు ఎక్కితే మరునాడు తెల్లారకముందే ముంబై సీఎస్ఎంటీ స్టేషన్ల దించింది. నల్లపసుపు టాక్సీ పట్టుకొని హోటల్ ముంగట దిగినం. చెక్ ఇన్ మధ్యాహ్నం రెండు గంటలకు. ధోతి, కండువా, రబ్బరు చెప్పులు, బాపు తలుపు కాడనే ఆగిపోయిండు, “మనల్ని లోపలికి రానిస్తరా” అని. నైట్ డ్యూటీల ఉన్న తమ్ముడు, ఇరవై ఐదేండ్లుంటయేమో, కౌంటర్ ఇడిసిపెట్టి బయటికొచ్చి బాపు చెయ్యి పట్టుకొని తీస్కపోయి సోఫాల కూసోబెట్టిండు, నీళ్లిచ్చిండు, అప్పటిదాకా మా బుకింగ్ గూడ అడగలే. నాకు ఆ చెయ్యి పట్టుకున్నదే ఇంకా కండ్లల్ల మెదులుతాంది.

అప్పుడు చూసుకున్న, బాపు సంచి లేదు. టాక్సీల మరిచిపోయినం. అండ్ల ఇన్సులిన్, బీపీ గోలీలు, మా అమ్మ ఫోటో, మిల్లు పాత గేట్ పాస్. నాకు కాళ్లు చేతులు ఆడలే. బాపు ఏం మాట్లాడకుంట కండువా మొఖానికి అడ్డం పెట్టుకున్నడు.

ఆ తమ్ముడు ఒక్క నిమిషం ఆగలే. గేటు కెమెరాల టాక్సీ నంబర్ చూసి, వాచ్‌మెన్ కాకకు రాసిచ్చి బండి మీద స్టేషన్ స్టాండుకు తోలిండు. నా ఫోన్ల ఉన్న డాక్టర్ చీటీ ఫోటో తీస్కొని రాత్రంత తెరిచుండే మెడికల్ షాపుకు ఫోన్ చేసి ఇన్సులిన్ తెప్పిచ్చిండు. ఇంకో ముచ్చట, రూమ్ల మినీ ఫ్రిజ్ ఉన్నది గని అది అంత చల్లగ ఉండదు, సీల్ తీయని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్యల పెట్టాలె అని వాడే చెప్పి కిచెన్ ఫ్రిజ్ల పేరు రాసి పెట్టిచ్చిండు. వాళ్ల నానమ్మకు గూడ షుగరేనట. ఒక రూమ్ ఖాళీగ ఉంటే అప్పటికప్పుడే తాళం చేతిల పెట్టిండు, దానికి ఒక్క రూపాయి గూడ తీసుకోలే.

ఏడు దాటినంక టాక్సీ అన్ననే సంచి పట్టుకొని వచ్చిండు. స్టాండుల తోటోళ్లు చెప్పిన్రట. గేట్ పాస్ తెరిచి చూసిండంట, వాళ్ల నాయన గూడ మిల్లు కార్మికుడేనట, అదే సమ్మెల ఇంటి పాలైండట. ఇద్దరు గుమ్మంల నిలబడి హిందీల మాట్లాడుకుంటనే ఉన్నరు, నేను మధ్యల పోలే. తెల్లారి ఆయన్నే మమ్మల్ని వర్లీ తీస్కపోయిండు. బాపోళ్లు ఉన్న బీడీడీ చాళ్లు, అంటె ఒక్కో రూమ్ ఇండ్లుండే పాత బిల్డింగులు, కూలగొట్టి టవర్లు కడుతున్నరు. బాపు ఉన్న రూమ్ 160 చదరపు అడుగులు, షిఫ్టుల వారీగ ఎనిమిది మంది పండుకునేటోళ్లు. అక్కడ శానసేపు నిలబడ్డడు, ఏం అనలే. వాపస్ వచ్చినంక మాత్రం “ఈ బాత్రూం ఉన్నంత జాగలనే ఉన్నం బిడ్డా” అన్నడు.

కిచెన్ అన్న ముచ్చట చెప్పకపోతే పాపం తగుల్తది. మొదటి రోజు టిఫిన్ల బ్రెడ్లు, కేకులు, పండ్లు అన్నీ ఉన్నయి, బాపు చాయ ఒక్కటే తాగి లేచిండు. అది చూసి లోపలినుంచి వచ్చి “ఏం కావాలె పెద్దాయనా” అని తెలుగుల అడిగిండు! ఆయనది సోలాపూర్, మా శాలోళ్లే. మరునాడు జొన్నరొట్టె, వంకాయ కూర, కారం నూరిన పచ్చడి. బాపు రెండున్నర రొట్టెలు తిన్నడు, అమ్మ పోయినంక అంత తినంగ నేను చూడలే.

రూమ్ల కింద ఒక జంపఖానా పరిచి ఉండె. బాపు దాన్ని తిరగేసి చూసి, ఇది చేతి నేత అని చెప్పుకుంట పడుగు (నిలువు దారం), పేక (అడ్డం దారం) ఎట్ల పడతయో రూమ్ సర్వీస్ పిల్లలకు చూపెట్టిండు. మేడం గూడ వచ్చి కింద కూసున్నది, ఎన్నో అడిగింది. మన వరంగల్ జంపఖానాలకు 2018ల జీఐ, అంటె ఈ సరుకు ఫలానా ఊరిదేనని ఇచ్చే గుర్తింపు, వచ్చిందని నేను చెప్పిన. బాపును పని గురించి గంత శ్రద్ధగ అడిగినోళ్లు నాకైతే యాదికి లేరు.

సోలాపూర్ అన్నా, నీకు తెలుగు చదువరాదన్నవు కదా, అందుకే ఇదంత వాయిస్ల గూడ చెప్పి పంపుతున్న, అందరికీ వినిపియ్యి. మేడం, కొత్తవాడ నుంచి నాలుగడుగుల జంపఖానా ఒకటి పార్సిల్ చేసినం. బాపుకు ఇప్పుడు కండ్లు ఆనక నేసుడు అయితలేదు, గని అంచు కుచ్చులు మాత్రం కూసొని తనే కట్టిండు. దాన్ని గెస్టుల రూమ్ల ఎయ్యొద్దట, నైట్ డ్యూటీ తమ్ముడు కూసునే కుర్చీ కింద పరవాలని చెప్పమన్నడు.