పాత సచిత్ర పత్రికల సేకరణ సంఘం: వార్షిక నివేదిక

అధ్యక్షులకు, సభ్యులకు నమస్కారం. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు మళ్ళీ చెప్పక్కర్లేదు. కార్యవర్గం నెలనెలా కూర్చుంది, కోరం లేక రెండుసార్లు లేచిపోయింది కూడా.

ఈ ఏడాది గర్వంగా చెప్పుకోవలసింది సంక్రాంతి సెలవుల్లో పెట్టిన మూడు రోజుల ప్రదర్శన. ఈసారి కథల జోలికి పోకుండా అట్టలూ ప్రకటనలే తాళ్ళకు వేలాడదీశాం. చందమామ అట్టమీద వడ్డాది పాపయ్యగారి బొమ్మలో కాలం ఎప్పుడూ ఏ పురాణంలోనో, రాజులనాడో ఆగి ఉంటుంది. ప్రకటనల వైపు తిప్పితే రేడియోలూ కుట్టుమిషన్లూ ఒక్కొక్కటే ఇంట్లోకి వచ్చేస్తుంటాయి. వారపత్రికల ధర 1957 ఏప్రిల్ తర్వాత అణాల్లోంచి నయాపైసల్లోకి మారడం చూసి పిల్లలు లెక్కలు వేసుకున్నారు. ఎక్కువమంది నిలబడింది కుటుంబ నియంత్రణ ప్రకటనల ఎర్ర త్రికోణం దగ్గర. అందులో మొదట ఇద్దరు లేక ముగ్గురు చాలన్నారు, తర్వాత ఇద్దరే అన్నారు. ఒక పెద్దావిడ అది చూసి, "మా అమ్మ ఈ పత్రికలన్నీ చదువుతూనే ఏడుగుర్ని కన్నది" అని నవ్వించింది.

ఒక్క మనవి. సీరియల్ చించి బైండు చేయించుకోవడం మన ఇళ్ళలో ఆనవాయితీ. మాకు వచ్చే విరాళాల్లో సగం అవే. వాటిలో అట్ట ఉండదు, ప్రకటన ఉండదు, తేదీ కూడా ఉండదు. కాశీనాథుని నాగేశ్వరరావుగారు అమృతాంజనం అమ్మిన డబ్బుతో ఆంధ్రపత్రిక నడిపారు. కేసరిగారి మహిళా పత్రిక గృహలక్ష్మి వెనక ఆయన అమ్మిన ఆయుర్వేద మందు లోధ్ర ఉంది. పత్రికను పోషించిన ఆ పేజీలనే మనం పొట్లాలకు వాడేశాం. ఇకనుంచి దయచేసి చించకుండా, చెదపట్టినా సరే, ఉన్నదున్నట్టు ఇవ్వండి.

అటకల మీది కట్టలు దించి ఇచ్చిన కుటుంబాలకు, హాలు ఉచితంగా ఇచ్చిన కల్యాణమండపం యజమానికి, బల్లలు మోసిన కాలేజీ కుర్రాళ్ళకు, మూడు రోజులూ టీ పోసిన అన్నయ్యకు, వేలు నొప్పిపుట్టేదాకా పేజీలు స్కాన్ చేసిన ఇద్దరు అమ్మాయిలకు కృతజ్ఞతలు. స్వచ్ఛంద సేవకులుగా పేరిచ్చి ప్రారంభోత్సవం ఫొటోలో మాత్రం కనిపించినవారి పేర్లు రాయడం లేదు, వారికే తెలుసు. గది కోసం పెట్టుకున్న అర్జీ ఏడాదిగా ఒకే బల్లమీద ఉంది. నేను వెళ్ళినప్పుడల్లా "సోమవారం రండి" అన్నారు. సోమవారాలు చాలానే అయిపోయాయి.

జమాఖర్చులు కోశాధికారిగారు చదువుతారు. బీరువా, నాఫ్తలిన్ ఉండలు, బ్యానరు పోను కొద్దిగా మిగిలింది. చందా బాకీలు ఉన్నవారు సమావేశం అయ్యాక ఆయన్ని కలవండి. భోజనానికి ముందే.

ఇట్లు,
కార్యదర్శి