సంఘం వార్షిక నివేదిక: గాలి కొలతలు, ఆరోగ్య డైరీలు

సభ్యులందరికీ నమస్కారం. మన చుట్టూ ఉన్న గాలిని సెన్సర్లతో కొలిచి, ఆయాసం వచ్చిన రోజులను డైరీల్లో రాసుకోవడానికే సంఘం పెట్టుకున్నామని మీకు మళ్లీ చెప్పక్కర్లేదు కాబట్టి నేరుగా పనుల్లోకి వస్తాను.

ముందుగా కృతజ్ఞతలు. సెన్సర్లకు మేడ మీద చోటు, కరెంటు, వైఫై ఇచ్చిన ఇళ్లవారికి, ఎండనక నిచ్చెనెక్కి వాటి దుమ్ము దులిపిన కుర్రవాళ్లకు, రాత్రిళ్లు కూర్చుని రీడింగులు పట్టికల్లోకి ఎక్కించిన ఇద్దరు టీచర్లకు, డైరీలు ఓపిగ్గా చదివిన ఊపిరితిత్తుల డాక్టరు గారికి సంఘం రుణపడి ఉంది. వీళ్లలో ఎవరూ దారిఖర్చు కూడా అడగలేదు.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది ఫిల్టర్ పేపర్ రోజు. ఒక పరిశోధనశాల వారు గాలిలోని కణాలను పట్టే తమ యంత్రాన్ని, అంటే శాంప్లర్‌ను, మనకు అరువిచ్చారు. అది నిమిషానికి 16.7 లీటర్ల చొప్పున గాలి లాగి, పీఎం 2.5 కణాలను, అంటే 2.5 మైక్రాన్లకు మించని సన్నటి ధూళిని, ఫిల్టర్ మీద పట్టుకుంటుంది. 24 గంటల్లో 24 ఘనపు మీటర్లు, అంటే సుమారు ఇద్దరు పెద్దవాళ్లు ఒక రోజులో పీల్చే గాలి. పెట్టేటప్పుడు మల్లెపువ్వులా ఉన్న ఫిల్టర్ మర్నాటికి బూడిద రంగుకు తిరిగింది. రింగు బిగించిన అంచు మాత్రం సన్నటి తెల్ల గీతలా మిగిలింది. గాజు మూతలో పెట్టి చేతి నుంచి చేతికి అందించాం. ఉబ్బసం ఉన్న ఒక పెద్దాయన చాలాసేపు చూసి, "ఇదంతా నిన్న ఒక్కరోజుదేనా?" అని అడిగారు. ఆ తర్వాత ఆయన డైరీ రాయడం ఒక్కరోజు కూడా మానలేదు.

శాంప్లర్ ఉన్నన్నాళ్లూ మన సెన్సర్లనూ దాని పక్కనే పెట్టాం. మనవి కణాలను తూచవు, లేజర్ వెలుగు ఎంత చెదిరిందో చూసి లెక్క కడతాయి. మంచు పట్టిన పొద్దుల్లో కణాలు తేమ పీల్చుకుని ఉబ్బుతాయి, అందుకే మన సెన్సర్లు ఎక్కువ చూపిస్తున్నాయని తేలింది. పాత రీడింగులన్నీ సరిదిద్దాం. అంకెలు తగ్గాయని కొందరు నొచ్చుకున్నారు. కానీ తప్పు అంకె పట్టుకుని ఎవరి దగ్గరికి వెళ్లినా మన మాట నిలవదు. తగ్గాక కూడా మన సగటు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఘనపు మీటరు గాలికి 10 నుంచి 5 మైక్రోగ్రాములకు దించిన పీఎం 2.5 వార్షిక మార్గదర్శకానికి పైనే ఉంది.

డాక్టరు గారి ప్రసంగానికి వచ్చింది కొద్దిమందే. రానివారి కోసం ఒక్క ముక్క. అమెరికాలో ఆరు నగరాల్లో ఎనిమిది వేల మందికి పైగా పెద్దవాళ్లను 14 నుంచి 16 ఏళ్లు గమనించి, 1993లో ఫలితాలు ప్రచురించారు. పొగతాగడం వంటివి లెక్కలోంచి తీసేశాక కూడా, అన్నిటికన్నా మురికి గాలి ఉన్న నగరంలో మరణాల రేటు శుభ్రమైన నగరంలో కన్నా 26 శాతం ఎక్కువ. కేన్సరే కాదు, గుండెపోటు, పక్షవాతం కూడా ఈ గాలితో ముడిపడ్డవే. మన డైరీలు అంత పెద్ద విషయం రుజువు చేయలేవు. ఏ రోజు ఎవరికి ఆయాసం వచ్చిందో చెబుతాయి, అదీ రోజూ రాస్తేనే.

బాధగానే రాస్తున్నాను: పేర్లిచ్చినవారిలో సగం మందికి పైగా రెండో నెలకే డైరీ ఆపేశారు. ఒకచోట సెన్సర్ ప్లగ్ పీకేసి తిరిగి పెట్టలేదు, తొమ్మిది రోజుల రీడింగ్ పోయింది. రోజుకు కనీసం 18 గంటల రీడింగ్ లేకపోతే ఆ రోజును మనం లెక్కలోకి తీసుకోబోమని అందరికీ తెలుసు. అధికారిక గాలి కొలత కేంద్రం నుంచి గంటవారీ రీడింగులు కావాలని మనం మూడు ఉత్తరాలు రాస్తే, అందినట్టు ముద్ర తప్ప జవాబు లేదు. ఫిల్టర్ రోజుకు వస్తానన్న అధికారి కుర్చీ సాయంత్రం దాకా ఖాళీగానే ఉంది.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి, వాటి నకలు మీ చేతికిచ్చిన కాగితాల్లో ఉంది.

వచ్చే ఏడాదికి పాతబడిన రెండు సెన్సర్లు మార్చాలి, మేడలెక్కడానికి నలుగురు కావాలి. పేరు రాసే పుస్తకం తలుపు దగ్గర బల్ల మీద ఉంది.

కార్యదర్శి