రేకు వెనక కొయ్య

చిత్తూరు

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన కట్టెల పొయ్యి ఫొటో చూశాం. అద్దం తలుపులోంచి మంట కనబడుతుంటే మీ అమ్మకు ముచ్చటేసింది. నా చూపు మాత్రం వెనక గోడ మీదే నిలిచింది. అల్లుడు అక్కడ సిమెంటు బోర్డు కొడదామంటున్నాడు, అది కాలదు కదా అని అడిగావు.

కాలదు. కానీ మన గానుగ సంగతి విను. అప్పటికి నువ్వు పసిపిల్లవి. బెల్లం పొయ్యి పక్కనున్న కొయ్య స్తంభానికి సెగ తగలకూడదని నేనే ఇనుప రేకు చుట్టి మేకులు కొట్టాను. ఎంత తెలివైన పని చేశాననుకున్నానో! మూడో ఏడు రేకు ఊడదీస్తే లోపల కొయ్య వేలు మందాన బొగ్గయి ఉంది. మంట దాన్ని తాకనే లేదు. రోజూ సెగకు ఎండిన కొయ్య, కొత్త కొయ్యకన్నా తక్కువ వేడికే రాజుకుంటుంది. ఆ రేకును అంగుళం ఎడంగా నిలబెట్టి, కిందా పైనా తెరిచి ఉంచితే చల్లగాలి దూరి వేడిని పైకి మోసుకుపోయేది.

సిమెంటు బోర్డూ ఆ రేకు లాంటిదే, వేడిని వెనక్కి దాటిస్తుంది. మీ గోడల్లో ఉన్నది చెక్క చట్రం. జిప్సం బోర్డు అసలే వద్దు. దాని బరువులో ఐదో వంతు స్ఫటికాల్లో ఇమిడిన నీరు. అగ్నిప్రమాదంలో అది ఆవిరై కాసేపు కాపాడుతుంది కానీ, రోజూ కాగే చోట నీరంతా పోయి పొడి రాలుతుంది.

కాల్షియం సిలికేట్ బోర్డు అడగండి. అందులో బరువైన రకం వద్దు. చేతికి తేలికగా ఉండే, వేడిని ఆపే ఇన్సులేషన్ రకం కావాలి. అది దాదాపు 1000 డిగ్రీల సెల్సియస్ దాకా తట్టుకుంటుంది. వెర్మిక్యులైట్ బోర్డూ మంచిదే. అభ్రకం లాంటి ఖనిజాన్ని బొరుగుల్లా పొంగించి చేస్తారు. అంచులు తొందరగా విరుగుతాయి, జాగ్రత్త. ఏది కొన్నా గోడకు అంటించకుండా, కాలని ఆధారాల మీద అంగుళం ఎడం ఉంచండి.

పొయ్యితో వచ్చిన పుస్తకంలో రాసిన దూరం తగ్గించవద్దు. పరీక్షించి ఆమోదించినట్టు ముద్ర లేని పొయ్యి అయితే మీ అమెరికా లెక్క ప్రకారం చెక్కకు 36 అంగుళాలు ఉండాలి.

టేపు పెట్టి కొలిచి, ఆ అంకె నాకు ఫోనులో చెప్పు. అమ్మ నల్లబెల్లం మూట కడుతోంది.

మీ నాన్న